కోనసీమ లూథరన్ మందిరం: కట్టడం, ప్రవేశం, చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గోదావరి డెల్టాలోని చిన్న పట్టణాల క్రైస్తవ మందిరాల గురించి తెలుగులో వచ్చిన రచనలు ఎక్కువగా మిషనరీల జీవితచరిత్రలుగానో, సంఘాల వార్షికోత్సవ సంచికలుగానో ఉన్నాయి. కట్టడాన్నే ఆధారంగా తీసుకొని చదివే ప్రయత్నం తక్కువ. కోనసీమ, దాని పరిసరాలలోని లూథరన్ మందిరాన్ని ఒక పాఠంగా తీసుకొని, దాని లోపలి అమరికను, స్థానిక గృహనిర్మాణంతో దానికున్న సంబంధాన్ని, శిలాఫలకాల భాషను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మందిరాల విలువ వాటి శిఖరాలలో కన్నా, ఎవరు ఎక్కడి దాకా రావచ్చునో తేల్చిచెప్పే లోపలి అమరికలో ఉందని ప్రతిపాదిస్తుంది. పాత మందిరాలను పడగొట్టి కొత్తవి కడుతున్న నేటి సందర్భంలో దేనిని నిలుపుకోవాలన్న ప్రశ్నకు ఈ ప్రతిపాదన ఒక కొలమానం కాగలదు.

కీలకపదాలు: లూథరన్ మందిరం, కోనసీమ, గోదావరి డెల్టా, మండువా లోగిలి, ప్రవేశం, శిలాఫలకం, గబ్బిలం.

1. ఉపోద్ఘాతం:

గౌతమి, వసిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న త్రికోణాకారపు నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట దాని ప్రధాన పట్టణాలు. ఈ ప్రాంతపు కట్టడాల ప్రస్తావన రాగానే అంతర్వేది నరసింహస్వామి ఆలయం, అయినవిల్లి వినాయకుడి గుడి, అగ్రహారాల మండువా లోగిళ్ళు గుర్తుకు వస్తాయి. పట్టణపు అంచున, కాలువగట్టుకో పేట మొదటికో నిలిచిన పెంకుకప్పు ప్రార్థన మందిరం ఈ జాబితాలో చేరదు. దాన్ని గురించి రాసేవారు కూడా ‘గోథిక్ శైలి’ అన్న ఒక్కమాటతో సరిపెట్టుకుంటారు. కిటికీమీద మొనదేలిన కమాను కనిపిస్తే చాలు, ఆ మాట వాడుకలోకి వచ్చేస్తుంది.

ఈ వర్గీకరణ రెండు విధాల నష్టం చేస్తుంది. మొదటిది, ఐరోపా మహాలయాల కొలతతో చూస్తే చిన్న పట్టణపు మందిరం ఎప్పుడూ లోపభూయిష్టమైన అనుకరణగానే మిగులుతుంది. 1924లో పూర్తయిన మెదక్ కెథడ్రల్ వంటి భారీ నిర్మాణం పక్కన దానికి చోటు దక్కదు. రెండోది, ‘వలస కట్టడం’ అని తోసివేస్తే దాన్ని మోసి, కట్టి, తరతరాలుగా వాడుకుంటున్న స్థానిక ప్రజల పాత్ర చెరిగిపోతుంది. ఈ రెండు దృష్టులకూ భిన్నంగా, మందిరాన్ని దాని లోపలినుంచి చదవడం అవసరం.

2. చారిత్రక నేపథ్యం:

2.1. రెండు మిషన్ల నడుమ కోనసీమ: తెలుగునేలపై అమెరికన్ లూథరన్ మిషన్ 1842 జులై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయర్ గుంటూరు చేరడంతో మొదలైంది. గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో 1845లో పని ప్రారంభించింది మాత్రం జర్మనీకి చెందిన నార్త్ జర్మన్ మిషనరీ సొసైటీ. ఆర్థిక ఇబ్బందులవల్ల ఆ సంస్థ 1850–51లో తన క్షేత్రాన్ని అమెరికన్ లూథరన్లకు అప్పగించింది. 1869లో రాజమహేంద్రవరం క్షేత్రాన్ని ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీకి ఇచ్చివేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, డెబ్బై దాటిన వయసులో హయర్ తిరిగివచ్చి దాన్ని లూథరన్ క్షేత్రంగా నిలిపాడు. గుంటూరు, రాజమహేంద్రవరం క్షేత్రాలు కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డాయి.

కోనసీమలో పరిస్థితి కొంత భిన్నం. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్‌తో పాటు భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం కేంద్రంగా ఆరంభించిన గోదావరి డెల్టా మిషన్ ఇక్కడ బలంగా వేరూనింది. వీరు బ్రదరన్ సంప్రదాయానికి చెందినవారు. అంటే, ఉత్తరాన రాజమహేంద్రవరం, ధవళేశ్వరం, పడమట వసిష్ఠ దాటితే భీమవరం లూథరన్ కేంద్రాలు కాగా, నడుమనున్న దీవిలో బ్రదరన్ సమావేశ మందిరాలు ముందునుంచీ ఉన్నాయి. ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే ఉన్నందువల్ల లూథరన్ మందిరపు ప్రత్యేకత ఏమిటో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

2.2. కట్టడానికి ముందు పుస్తకం: లూథరన్లకూ తెలుగుకూ ఉన్న సంబంధం ఈ మందిరాలకన్నా పాతది. తరంగంబాడి, మద్రాసులలో పనిచేసిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి అనువదించిన క్రైస్తవ గ్రంథాలు జర్మనీలోని హాలె నగరంలో 1746 నుంచి అచ్చయ్యాయి. తెలుగు ముద్రణ చరిత్రకు అవే తొలి పుటలు. తెలుగువారికి లూథరన్ మతం మందిరంగా కన్నా ముందు అక్షరంగా వచ్చిందన్నమాట. ఈ క్రమం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ లూథరన్ మందిరం లోపలి అమరికలో అక్షరానికున్న స్థానాన్ని అర్థం చేసుకోవడానికి ఇది తోడ్పడుతుంది.

3. లూథరన్ సిద్ధాంతం – లోపలి అమరిక:

మార్టిన్ లూథర్ దృష్టిలో కట్టడానికి స్వతఃసిద్ధమైన పవిత్రత లేదు. వాక్యం వినడానికీ, ప్రార్థనతోనూ స్తుతితోనూ దానికి బదులివ్వడానికీ మనుషులు చేరే చోటు అది. 1544లో టోర్గావ్ కోటలోని మందిరాన్ని ఆయన ఈ భావంతోనే ఆరాధనకు అంకితం చేశాడు. అక్కడ ప్రసంగవేదికను పొడవైన గోడ మధ్యలో, వినేవారికి దగ్గరగా నిలిపారు. మూడు శతాబ్దాల తరవాత, 1861 నాటి ఐసెనాఖ్ నిబంధనలు జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చిలకు తూర్పుముఖపు బలిపీఠాన్నీ, నిడుపాటి హాలునూ, గోథిక్ వంటి చారిత్రక శైలులనూ సూచించాయి. వినే గదిగా పుట్టిన లూథరన్ మందిరం పందొమ్మిదో శతాబ్దికి మళ్ళీ చూసే గదిగా మారిందని దీన్నిబట్టి గ్రహించవచ్చు. గోదావరి డెల్టాకు చేరింది ఈ రెండు ధోరణులూ కలిసిన రూపం.

లూథరన్ మందిరంలో మూడు వస్తువులు ప్రధానం: ప్రసంగవేదిక, బలిపీఠం, బాప్తిస్మపు తొట్టి. ఒకటి వినడానికి, ఒకటి కలిసి భుజించడానికి, ఒకటి సంఘంలో చేరడానికి. బ్రదరన్ మందిరంతో పోల్చినప్పుడు ఈ మూడింటి అర్థం స్పష్టమవుతుంది. బ్రదరన్ సంప్రదాయంలో అభిషిక్త పాదిరి ఉండడు. మెట్టెత్తిన బలిపీఠం ఉండదు. రొట్టె విరిచే బల్ల చుట్టూ సంఘం కూర్చుంటుంది. బాప్తిస్మం పెద్దవారికి, నీటిలో ముంచి ఇస్తారు కనుక కాలువో నదీపాయో వారికి తొట్టి. లూథరన్లు పసిబిడ్డకు తొట్టిదగ్గర బాప్తిస్మమిస్తారు. ఒకరికి సంఘప్రవేశం ఊరి కాలువలో పదిమంది చూస్తుండగా జరిగితే, మరొకరికి మందిరపు కప్పుకింద తల్లి ఒడిలో జరుగుతుంది. లూథరన్ సంఘానికి కట్టడం ఎందుకంత ముఖ్యమైందో ఈ తేడానుబట్టి అర్థమవుతుంది. పుట్టుక, పెళ్ళి, చావు మూడూ ఆ కప్పుకిందికే వస్తాయి.

4. స్థానిక నిర్మాణం – మండువా లోగిలితో పోలిక:

4.1. సామగ్రి: డెల్టాలో కొండరాయి దొరకదు. ఒండ్రుమట్టితో కాల్చిన ఇటుక, గానుగ సున్నం, నదిమీద తెప్పలుగా కట్టి మన్యంనుంచి దింపిన టేకు, పైన పెంకు – ఇవే ఇక్కడి పాత కట్టడాల సామగ్రి. మందిరానికైనా లోగిలికైనా ఇవే. ఇటుక కమాను ఈ ప్రాంతంలో విస్తృతంగా కనిపించింది మతకట్టడాలలో కన్నా నీటిపారుదల పనులలోనే. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. వైనతేయపాయమీద గన్నవరం దగ్గర వరుస కమానులతో పాత అక్విడక్టు లేచి, అవతలి దీవికి కాలువనీటిని చేరవేసింది. ఈ లాకులు, తూములు, వంతెనల పనిలో చేయితిరిగిన తాపీమేస్త్రుల నైపుణ్యమే తరవాతి తరాల కట్టడాలకు అందివచ్చి ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. అప్పుడు మందిరపు కిటికీ కమానును ఐరోపా గోథిక్‌కు మాత్రమే ముడిపెట్టనక్కరలేదు. తూముపై కమాను దానికి దగ్గరి బంధువు.

4.2. కప్పు, వెలుతురు: మండువా లోగిలిలో నాలుగువైపుల కప్పులూ లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది. వాననీరు, వెలుతురు రెండూ ఇంటిమధ్యకు దిగుతాయి. మందిరంలో ఈ ఏర్పాటు తిరగబడింది. ఎత్తైన నడికొప్పు నేరుగా మధ్యదారి మీద ఉంటుంది. కప్పు ఇరువైపులా బయటికి వాలుతుంది. నీరు బయటికి పోతుంది. వెలుతురు రెండు పక్కల కిటికీలనుంచి వస్తుంది. లోగిలిలో మధ్యభాగం ఇంటివారి స్వంతం. మందిరంలో అది అందరూ నడిచే దారి.

4.3. ప్రవేశపు మెట్లు: కోనసీమ లోగిలి అరుగు, వీధివసారా, మండువా, వంటిల్లు అన్న వరుసలో లోపలికి సాగుతుంది. ఎవరు ఏ గడపదాకా రావచ్చో కులం నిర్ణయించేది. ఆలయంలో ముఖమండపం, అంతరాళం, గర్భగృహం అన్న వరుస కూడా ఇదే తర్కాన్ని పాటిస్తుంది. లూథరన్ మందిరం ఒకే హాలు. గుమ్మంలో నిలుచున్న మనిషికి బలిపీఠం కనిపిస్తుంది. కూలికి పోయే ఇల్లాలికీ, బడిపంతులుకూ గుమ్మం ఒక్కటే. డెల్టా గ్రామ నిర్మాణంలో ఊరిబావికీ, గుడికీ దూరంగా ఉంచబడిన మాల, మాదిగ కుటుంబాలకు ఇది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం 1947లో గానీ రాలేదు. దానికి ఎన్నో దశాబ్దాల ముందే ఒక పక్కా కట్టడంలో, ముందువరుసలో కూర్చునే హక్కు వీరికి మందిరంలో దక్కింది.

అయితే సంపూర్ణ సమానత్వాన్ని కట్టడానికి ఆపాదించడం తొందరపాటు. బలిపీఠం ముందు ఒక మెట్టు, ఒక కటకటా ఉన్నాయి. దాన్ని దాటి లోపల నిలిచేది పాదిరి. బ్రదరన్ మందిరం తొలగించిన ఈ మెట్టును లూథరన్ మందిరం నిలుపుకొంది. భారతదేశపు లూథరన్ చరిత్రలో కులం మందిరంలోపలికీ వచ్చింది. తరంగంబాడిలో 1718లో ప్రతిష్ఠించిన న్యూ జెరూసలేం చర్చి కాలంనుంచీ తమిళ సంఘాలలో కులాలవారీ కూర్చోవడం సాగింది. 1833లో ఆంగ్లికన్ బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాలలో కులభేదాలు మానాలని ఆజ్ఞాపించినప్పుడు తీవ్రమైన ప్రతిఘటన వచ్చింది. తెలుగు క్రైస్తవ సంఘాలలో మాల, మాదిగల మధ్య దూరం పరిశోధకులు గుర్తించినదే. ఒకే గుమ్మం ఉన్నంత మాత్రాన ఒకే వరుస ఏర్పడదు.

ఈ పరీక్ష అన్నిటికన్నా కఠినంగా జరిగే చోటు బలిపీఠపు కటకటా. ప్రభురాత్రి భోజన సంస్కారంలో అందరూ పక్కపక్కన మోకరించి, సిద్ధాంతరీత్యా ఒకే గిన్నెనుంచి పుచ్చుకోవాలి. ‘ఎంగిలి’ అన్న మాట సామాజిక నియమంగా పనిచేసే సమాజంలో ఒకే గిన్నె అన్న భావన ఎంత విప్లవాత్మకమో తెలుగు పాఠకుడికి వ్యాఖ్యానం అవసరం లేదు. లూథరన్ మందిరంలో అతిముఖ్యమైన స్థలాన్ని ఎంచమంటే గోపురాన్నో, ముందుగోడనో కాక, మోకాళ్ళ ఒత్తిడికి అరిగే ఆ అడుగు వెడల్పు నేలనే ఎంచాలి.

5. బడి, గుడి:

తొలిరోజుల మిషన్ పల్లెలలో ఆరు రోజులు బడిగా నడిచిన కప్పే ఆదివారం ఆరాధనస్థలమయ్యేది. ఉపాధ్యాయుడే ఉపదేశి. బల్లమీద అక్షరాలు దిద్దినచోటే బైబిలు చదివేవారు. డెల్టా క్రైస్తవులు మందిరాన్ని ‘చర్చి’ అని ఎంత అంటారో ‘గుడి’ అనీ అంతగానే అంటారు. పలకలమీద ‘దేవాలయం’ అన్న మాట కనిపిస్తుంది. బ్రదరన్ల వాడుకలో ‘మందిరం’, ‘సమావేశం’ వినిపిస్తాయి. లూథర్ సిద్ధాంతం ప్రకారం ఆ చోటు దేవుడి ఇల్లు కాకపోవచ్చు. వాడేవారి భాషలో మాత్రం అది గుడే. చెప్పులు గుమ్మం బయట విడవడం, తలమీద కొంగు కప్పుకోవడం, స్త్రీలూ పురుషులూ చెరోవైపు కూర్చోవడం, కోత పండుగనాడు వరిపనలు, కొబ్బరికాయలు, అరటిగెలలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం – ఇవేవీ జర్మనీనుంచి వచ్చినవి కావు. పాడే కీర్తనలు సైతం అంతే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల రచనలతో కూడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు రాగతాళాలతో సాగుతాయి. సిద్ధాంతం ‘కట్టడం పవిత్రం కాదు’ అంటే, సంఘం తన ఆచరణతో దాన్ని పవిత్రం చేసుకొంది. ఇది సిద్ధాంతాన్ని అర్థం చేసుకోకపోవడం అని కొందరంటారు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలో తమకొక గుడి కావాలనుకోవడం అజ్ఞానం కాదు, హక్కు ప్రకటన అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. ‘గబ్బిలం’ వెలుగులో:

ఈ సందర్భంలో జాషువాను స్మరించక తప్పదు. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువా గుంటూరులో లూథరన్ మిషన్ నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1941లో వెలువడిన ఆయన ‘గబ్బిలం’లో కథానాయకుడైన దళితుడు తన మొర శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. తనకు ప్రవేశంలేని గుడిలో గబ్బిలానికి నివాసం ఉంది కాబట్టి.

‘గబ్బిలం’పై వచ్చిన విమర్శ సందేశకావ్య సంప్రదాయాన్నీ, సామాజిక నిరసననూ వివరంగా చర్చించింది. కట్టడం దృష్టితో చూస్తే ఇందులో మరొక ప్రశ్న ఉంది. మందిరపు గుమ్మం తెరిచి ఉన్న పరిసరాలలో ఏళ్ళతరబడి జీవించిన కవి, మూసిన గుడి తలుపునే కావ్యవస్తువుగా ఎందుకు ఎంచుకున్నాడు? దీనికి సమాధానం స్పష్టమే. మందిరం ప్రత్యామ్నాయ స్థలాన్ని ఇవ్వగలిగింది. ఊరుమ్మడి స్థలంలో భాగం ఇప్పించలేకపోయింది. పేట అంచున తెరుచుకున్న తలుపు, ఊరినడుమ మూసిన తలుపుకు బదులు కాలేదు. అందువల్ల లూథరన్ మందిరాన్ని విముక్తికి సంపూర్ణ చిహ్నంగా చిత్రించే రచనలను జాషువా కావ్యం ముందే ప్రశ్నించినట్లయింది. మందిరం ఎక్కడ నిలిచింది అన్న ప్రశ్న, దాని లోపల ఏముంది అన్న ప్రశ్నంత ముఖ్యమైనది. 2022 మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో చెలరేగిన హింస, ఉమ్మడి స్థలం ఎవరిదన్న ప్రశ్న ఈ సీమలో ఇంకా సజీవమేనని గుర్తుచేసింది.

7. శిలాఫలకాల భాష:

మందిరపు గోడలోని శిలాఫలకం తెలుగు పరిశోధకుడికి సహజమైన అధ్యయనవస్తువు. శాసనాలను చదవడంలో ఇంత పరిణతి సాధించిన మనం నూరేళ్ళనాటి మందిర ఫలకాన్ని శాసనంగా పరిగణించలేదు. ఈ ఫలకాల భాషలో సాధారణంగా రెండు లక్షణాలు కనిపిస్తాయి. మొదటిది ‘దేవుని మహిమార్థము’ వంటి ఆరంభవాక్యం. ఇది దానశాసనంలోని మంగళాచరణ స్థానంలో నిలుస్తుంది. రెండోది ‘కట్టబడెను’, ‘ప్రతిష్ఠింపబడెను’ అన్న కర్మణి ప్రయోగం. వ్యవహారంలో తెలుగువారు అంతగా వాడని ఈ ప్రయోగం మిషన్ తెలుగుకు ముద్రవంటిది. దీని ప్రభావం వ్యాకరణానికే పరిమితం కాదు. కర్మణి వాక్యంలో కర్త మాయమవుతాడు. చెప్పవలసి వస్తే పునాదిరాయి వేసిన ప్రముఖుడి పేరు చేరుతుంది. ఇటుక కాల్చినవారు, సున్నం గానుగ తిప్పినవారు, వారానికింత అని చందా కట్టిన కూలీలు వాక్యంలోకి రారు.

దీనికి మిషన్ దృష్టి ఒక కారణమైతే, స్వాతంత్ర్యానంతరం చట్టం మరొక కారణమైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవమతం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా వర్తించదు. పేరు రాయిమీద ఎక్కడం కొన్ని కుటుంబాలకు గౌరవం కాక ప్రమాదం కాగలదు. ఫలకంమీది మౌనాన్ని చదివేటప్పుడు ఈ సంగతి మరవరాదు. బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు నామవిజ్ఞాన అధ్యయనానికి అమూల్యమైన ఆధారాలే అయినా, వాటిలోని వ్యక్తుల వివరాలను యథాతథంగా ప్రకటించడం పరిశోధన నీతికి విరుద్ధం. పేర్ల తీరును చర్చించవచ్చు. పేర్లవారిని బయటపెట్టరాదు.

8. పునర్నిర్మాణం – విమర్శ:

8.1. పెంకు నుంచి డాబాకు: నేడు డెల్టాలో పాత పెంకు మందిరాలు కాంక్రీటు మందిరాలుగా మారుతున్నాయి. దీన్ని వారసత్వ విధ్వంసంగా మాత్రమే చూడటం సులభం. కానీ 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కప్పులను ఏం చేసిందో ఎరిగిన తరానికి శ్లాబు అంటే భద్రత. తాటాకిల్లు, పెంకుటిల్లు, డాబా అన్న వరుస ఇక్కడ సామాజిక హోదా వరుస కూడా. మామిడికుదురుకు చెందిన బోయి భీమన్న తన కావ్యానికి ‘గుడిసెలు కాలిపోతున్నై’ అని పేరు పెట్టడం వెనుక తాటాకు కప్పుకింద బతికినవారి భయమంతా ఉంది. తాటాకిళ్ళలో ఉంటూ దేవుడికి పెంకుకప్పు వేసిన తరం, తాము డాబాలోకి మారాక దేవుడికీ డాబా వేయాలనుకోవడంలో అసహజం లేదు. పాతదనపు అందాన్ని కాపాడమని బయటివారు వారికి బోధించడం న్యాయం కాదు.

8.2. మారుతున్న లోపలి అమరిక: విమర్శించవలసింది కప్పు మార్పును కాదు, దాని చాటున జరిగే లోపలి మార్పును. మైకు రాకముందు ప్రసంగవేదిక ఎత్తు, గోడల దూరం, కప్పు వాలు అన్నీ మనిషి గొంతు కొలతకు లోబడి ఉండేవి. వెనక వరుసకు మాట చేరాలి కనుక హాలు ఒక హద్దు దాటేది కాదు. ధ్వనివర్ధకం ఆ హద్దును తీసివేసింది. ప్రసంగవేదిక రంగస్థలమవుతోంది. మెట్టు ఒకటి నాలుగైదు మెట్లవుతోంది. బాప్తిస్మపు తొట్టి మూలకు జరుగుతోంది. వేదికకు దగ్గరగా ప్రత్యేక కుర్చీలు వస్తున్నాయి. ఒకప్పుడు కింద చాపమీద అందరూ కూర్చున్న చోట ముందువరుస కుర్చీ కొత్త అంతరాళమవుతోంది. ముందుగోడ ఎంత ఎత్తు పెరిగినా, లోపల మనిషికీ మనిషికీ మధ్య మెట్లు పెరిగితే ఆ మందిరం తన చరిత్రకు ఎదురునడిచినట్లే.

8.3. నిలుపుకోవలసినవి: పునర్నిర్మాణాన్ని అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. గుమ్మంలో నిలిచిన మనిషికి బలిపీఠం ఇంకా అడ్డులేకుండా కనిపిస్తోందా? సంస్కారవేళ అందరూ ఒకే వరుసలో మోకరించే చోటు మిగిలిందా? తొట్టి, గంట, పాత ఫలకం కొత్త కట్టడంలో వాడుకలో ఉన్నాయా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే కాంక్రీటు మందిరమైనా పాత మందిరపు కొనసాగింపే. కాదన్న జవాబు వస్తే పెంకుకప్పును యథాతథంగా కాపాడినా అది పై తొడుగు మాత్రమే.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. కోనసీమ పరిసరాల లూథరన్ మందిరాన్ని గోథిక్ అనుకరణగానో, వలస అవశేషంగానో వర్గీకరించడం అసమగ్రం. డెల్టా ఇటుక, సున్నం, టేకు, నీటిపారుదల కమాను దాని శరీరం. జర్మన్, అమెరికన్ లూథరన్ ఆరాధనాక్రమం దాని అమరిక. చెప్పులు విడిచి గుడి అని పిలుచుకున్న ప్రజల ఆచరణ దాని అర్థం. మండువా లోగిలితోనూ, ఆలయంతోనూ, బ్రదరన్ మందిరంతోనూ పోల్చినప్పుడే దాని ప్రత్యేకతా, పరిమితులూ తెలుస్తాయి. అది తలుపు తెరిచింది, ఒక మెట్టు మిగిల్చింది. ఊరినడుమ మూసిన తలుపును మార్చలేకపోయింది.

పరిశోధకుల ముందున్న పని తక్షణమైనది. మందిరాన్ని పడగొట్టేముందు దాని నేల నమూనా గీయడం, ఫలకాల పాఠాన్ని అక్షరం మార్చకుండా ఎత్తిరాయడం, ఎవరు ఎక్కడ కూర్చునేవారో పెద్దలనడిగి నమోదు చేయడం – వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక టేపు, ఒక నోటుపుస్తకం, సంఘపు అనుమతి చాలు. శాసనపాఠాలకు ఇచ్చే శ్రద్ధను పేట చివరి మందిరానికీ ఇవ్వగలిగితే, డెల్టా సాంఘిక చరిత్రలో ఇన్నాళ్ళూ కర్మణి వాక్యం దాచిన కర్తలు తిరిగి కనిపిస్తారు.